ఎడమ చెయ్యి ఖాళీగా ఉండే కారు

దసరా మర్నాడు

నాకు అక్షరం రాదు. నేను చెబుతుంటే మేడ మీద కిరాయికుండే సుజాత రాస్తోంది. డబ్బింగ్ చెప్పే పిల్ల, కోస్తా వైపు. నా మాటను తన మాటలోకి దిద్దుతుంది — దిద్దుకోనీ. నా గోడు మారకుంటే చాలు.

వాకిట్లో మా ఆయన కారు కింద ఎర్రటి తడి. నిన్న పూజ చేసి, బూడిద గుమ్మడికాయలో కుంకుమ నింపి బండి ముందు నేనే కొట్టాను. ఆ నీళ్లే పారినట్టున్నాయి. బకెట్‌తో కడిగేశాను.

శనివారం

మళ్లీ ఎరుపు. మళ్లీ కడిగాను. పక్కింటామె చూసి, "అమ్మవారు ఇంకా మీ వాకిట్లనే ఉన్నది" అని చేతులు జోడించింది. నేనూ జోడించాను...

సోమవారం

వేలు పెట్టి చూశాను. జారుతోంది. కుంకుమ నీళ్లు జారవు కదా. ముక్కు దగ్గర పెట్టుకుంటే — మా ఆయన చొక్కా వాసన. ఆయన పోయాక ఆ చొక్కాలు ఎన్నిసార్లు విప్పి చూశానో, ఉతికి ఉతికి వాసన నేనే పోగొట్టుకున్నాను. కారు ఆ వాసనను తన కింద దాచుకుందన్నమాట.

ఈసారి కడగలేదు.

సాయంత్రం నా కొడుకు యాదగిరి వంగి చూశాడు. "గేర్‌బాక్సు ఆయిల్ కారుతున్నదే అమ్మా. ఆయిల్ లేక బండి కదుల్తలేదు, ఇగ దీని పని అయిపోయింది. తుక్కోనికి ఇచ్చేద్దాం." సాఫ్ట్‌వేర్ కంపెనీకి ఇంకో కొత్త క్యాబు పెడుతున్నాడు, నిలపడానికి జాగా కావాలట.

"నీ అయ్య కారును తియ్యనీకి నువ్వెవనివిరా?"

"సరే. దీపావళి దాకా చూస్త. దానంతట అది గేటు దాటి పోతే ఉంచుత. తోసుడు లేదు."

పున్నమి

ఇది రాసి పెట్టాలి. రేపు నేనూ పోతే ఎవరికీ తెలియదు.

ఆయన మొదట షూటింగ్ సామాన్ల లారీ నడిపేవాడు. క్యాబిన్‌లో పక్కనే కూర్చున్నా ఆయన ఎడమ చెయ్యి గేరు రాడ్డుదే, నాది కాదు. తర్వాత నిర్మాత దగ్గర డ్రైవరుగా చేరాడు. ఆ సారు పాతబడ్డ ఈ కారు ఆయనకు ఇచ్చేశాడు. దీనికి క్లచ్ లేదు. గేర్లు వాటంతట అవే మారతాయి. అంటే ఎడమ చెయ్యి ఖాళీ.

ఫిల్మ్‌నగర్ ఎత్తు ఎక్కుతుంటే ఆ చెయ్యి నా చేతి మీద పెట్టేవాడు. రోడ్డు చూస్తూనే ఉంటాడు. చెక్‌పోస్టు దగ్గర ఎర్రదీపం పడగానే తీసేసేవాడు — పోలీసు చూస్తాడని సిగ్గు.

సుజాత కలం ఆపింది. రాయి, అన్నాను. సిగ్గుపడింది ఆయన, నీకేమైంది?

గురువారం

యూసుఫ్‌గూడ నుంచి మెకానిక్ ఖాజా వచ్చాడు. "వెనక తట్టు ఆయిల్ ఆపే రబ్బరు సీలు పోయింది. ఫికర్ చెయ్యకండ్రి అమ్మా." కొత్త సీలు వేశాడు. ఆయిల్ పోశాడు. టీ తాగి పోయాడు.

శుక్రవారం

మళ్లీ ఎరుపు.

శనివారం

ఖాజాను కబురంపి పిలిపించి తిట్టాను. పాపం, నిలబడి అంతా విన్నాడు. తర్వాత వాకిలి ఈ చివర నుంచి ఆ చివరకు చూసి నెత్తి కొట్టుకున్నాడు.

"మీ వాకిలి వెనక్కి వాలున్నది అమ్మా. ముందర కారింది పారుకుంట పొయ్యి వెనక రాలుతున్నది. నన్ను మోసం చేసింది కారు."

"కారు చెయ్యలేదు. నీ తొందర చేసింది."

"గట్లనే అనుకోండ్రి. జర మీ ముగ్గుపిండి ఇయ్యుండ్రి."

కారు పొట్టంతా గుడ్డతో తుడిచి, పిండి అద్ది, ఇంజన్ నడవనిచ్చాడు. గోనెసంచి పరుచుకొని నేనూ కిందికి దూరాను. సుజాత లబలబలాడింది. "వద్దు మామ్మగారూ, నడుం పట్టేస్తుందండీ!" పట్టనీ. తెల్లటి పిండిలో సన్నగా ఎర్ర గీత... గేర్‌బాక్సు నుంచి రేడియేటరుకు ఆయిల్ పోయే గొట్టం మొదలు దగ్గర. రబ్బరు పగిలింది.

ఇన్నేళ్లు వాకిట్లో వేశాను ముగ్గు. కారు పొట్టకు ఇదే మొదలు.

నరకచతుర్దశి

గొట్టం మార్చాడు. ఆయిల్ పోశాడు. ఇంజన్ వేడెక్కాక ఆయిల్ కొలిచే కడ్డీ తీసి, తుడిచి, మళ్లీ ముంచి చూశాడు. సరిపోయిందట. చేతులు కడుక్కోబోతుంటే ఆగమన్నాను. ఆ వాసన దగ్గర కాసేపు నిలబడ్డాను. "ఏంది అమ్మా?" అన్నాడు. ఏం లేదు, కడుక్కో.

దీపావళి

దాటింది గేటు! దానంతట అదే.

యాదగిరి నడిపాడు, నేను పక్కన. కృష్ణానగర్ సందులో టపాకాయలు కాల్చే పిల్లలు కారును తట్టి తట్టి చూశారు. చెక్‌పోస్టు... ఫిల్మ్‌నగర్ ఎత్తు. క్యాబుకు అలవాటుపడ్డ వీడి ఎడమ చెయ్యి దారంతా గేరు రాడ్డు కోసం గాలిలో వెతుకుతూనే ఉంది.

"ఈ చెయ్యి ఏడ పెట్టాల్నో సమజైతలేదే అమ్మా."

నేను చెప్పలేదు. నా చెయ్యి సీటు మీదే ఉంది. ఎత్తు మీద ఇంజన్ గొంతు మారినప్పుడు కళ్లు మూసుకున్నాను. అప్పుడు వచ్చింది ఆ వాసన. వాడికీ వచ్చినట్టుంది.

ఇంటికి వచ్చి నిలిపాక అన్నాడు: "గేటు దాటింది, ఒప్పుకున్న. కానీ కొత్త బండ్ల నడుమ ఆయిల్ కారుకుంట నిలబడితే నాతోని కాదు. పొద్దుగాల కింద ఒక్క చుక్క కనపడ్డా తుక్కోనికి ఫోన్ చేస్త."

కారు కింద, ఈ కొస నుంచి ఆ కొసకు, ముగ్గుపిండి పరిచాను.

పాడ్యమి, పొద్దున్నే

ఇంకా చూడలేదు. సుజాత చూసి వస్తానంటోంది. కూర్చో, టీ తాగు, అన్నాను. యాదగిరి లేవలేదు.

గెలిచేదీ ఓడేదీ తలుపు అవతలే ఉంది. వాసన రాకూడదని నిన్ననే మొక్కుకున్నాను... కిటికీ తెరిచి కూర్చున్నాను. గాలి పీలుస్తూనే ఉన్నాను.