అల్లుడు ఎత్తి పట్టుకున్నాడు

ఆగస్టు 4, తాండూరు
బషీరాబాద్‌లో అమ్మ వాకిట్లో జారిపడింది. తుంటి ఎముక విరిగింది. ఇక్కడి ఆసుపత్రిలో చేర్చాం. ఆపరేషన్ బాగానే అయిందన్నారు. బెడ్‌పాన్ పెట్టాలంటే ప్రతిసారీ ఇద్దరు ఎత్తాలి, డైపర్ వేసేద్దామా మేడమ్ అని సిస్టర్ నన్ను అడిగింది. సరే అన్నాను. అమ్మ మెలకువగానే ఉంది. ఆమెను ఎవరూ అడగలేదు.

ఆగస్టు 6
సాయంత్రం డైపర్ మార్చడానికి ఆయా ఎంకమ్మ ఒక్కతే వచ్చింది. మా ఆయన ప్రేమ్‌సాగర్ క్షణం ఆలోచించకుండా అమ్మను ఎత్తి పట్టుకున్నాడు. ఎందరు అల్లుళ్లు చేస్తారు ఇలా? వికారాబాద్‌లో మా కాలేజీ కొలీగ్ కరుణకు ఫోన్ చేసి మరీ చెప్పాను. అమ్మ మాత్రం కళ్లు గట్టిగా మూసుకుంది. ఏందవ్వా, పెండ్లిపిల్ల లెక్క సిగ్గువడుతున్నవ్ అని ఎంకమ్మ ఎగతాళి చేసింది. నేనూ నవ్వాను.

ఆగస్టు 7
అమ్మ అన్నం ముట్టలేదు. నీళ్లూ వద్దంటోంది.

ఆగస్టు 8, ఉదయం
రౌండ్స్‌లో డాక్టర్ కోప్పడ్డాడు. యూరిన్ తగ్గింది, ఇట్లయితే కిడ్నీలు పోతాయి, జర నీళ్లు పట్టలేరా అన్నాడు. డిప్రెషన్ కావచ్చని ఇంగ్లిష్‌లో చెప్పాను. అమ్మ పక్కనే నిలబడి, అమ్మ లేనట్టు.

మధ్యాహ్నం
గ్లాసు పెదవులకు ఆనించి గద్దించాను. అమ్మ మొహం తిప్పుకుంది. తాగితే మల్ల అల్లుడొచ్చి లేవట్టాలె గదా బిడ్డా అంది. నీ పెండ్లయిన కాడికెల్లి గాయన ముందట మంచం మీద గూసున్నదాన్ని గాదు, గిప్పుడు గిట్ల జేస్తివి, రేపు గాయన మొకం ఎట్ల జూడాలె అంది.

నిజమే. ఆయన వస్తే అమ్మ మంచం దిగేది, కొంగు కప్పుకొని తలుపు చాటున నిలబడి మాట్లాడేది. చాదస్తం అనేదాన్ని. మొన్న నేను మురిసిపోయింది దేనికి? నా భర్త మంచితనానికా, అది అందరికీ కనబడినందుకా? అమ్మ ఒంటిని పరదా లేకుండా పెట్టి మురిసిపోయాను.

సాయంత్రం
ఆయనకు చెప్పాను. నేను మంచే చేసిన గదా అన్నాడు. చేశావు అన్నాను. బస్సెక్కి వికారాబాద్ వెళ్లిపోయాడు. డైపర్ తీసేయమని సిస్టర్‌కు చెప్పాను.

ఆగస్టు 9
అమ్మ గ్లాసుడు నీళ్లు తాగింది. కాసేపటికి బెడ్‌పాన్ అడిగింది. నేనే తెచ్చి, కర్టెన్ లాగాను.

నువ్వు గూడ బయటికి పో బిడ్డా, ఎంకమ్మను, సిస్టరమ్మను పిలువు అంది.

పిలిచాను. కర్టెన్ ఇవతల నిలబడ్డాను. లోపల ఎంకమ్మ ఏదో అంటే అమ్మ నవ్వింది. అయిపోయాక నన్ను పిలుస్తుందని ఆగాను.

పిలవలేదు.