తొడిమల్లేని సైన్యం

ఆదివారం, పడుకోబోయే ముందు

నేటి ఐరోపా మహాసంగ్రామంలో ఈటెల దళం సర్వనాశనమైనదని చింతిస్తూ రాయడమైనది. కారకురాలు మా అమ్మ.

మా బల్లమీది యుద్ధంలో పత్తిగింజలు తుపాకీవాళ్లు, చింతపిక్కలు గుర్రాలు, ఎండుమిరపకాయలు ఈటెలవాళ్లు. తొడిమే ఈటె. నేను మిరపకాయల తొడిమలు తీసే పని ఎగ్గొట్టాననుకుని అమ్మ దళం మొత్తానికీ తొడిమలు తీసేసింది.

ఆ దళం నా స్నేహితుడు రత్నానిది. వాడు చర్చి నుంచి వచ్చి చూశాడు. రేపు పొద్దున్నే వాడు నిజం మిలిటరీకి పోతున్నాడు. ఇదే ఆఖరి ఆట.

"ఒరేయ్, ఈటెల్లేకుండా గుర్రాలకి ఎదురు నిలబడితే నావాళ్లేమవుతార్రా?"

"రూల్సులో లేదు. సెలవుచీటీ రాసుకోమను."

వాడు నవ్వలేదు. నేను నా గుర్రాల తరఫున పాచిక వేస్తే ఆరు పడింది, అంటే దళమంతా చచ్చినట్టే.

"చంపకురా. ఈ ఒక్కసారికీ ఉండనీ."

"కుదరదు సార్, యుద్ధం యుద్ధమే" అంటూ ఒక్కొక్కణ్ణే ఏరి చేటలో వేశాను. నవ్వించడానికే. వాడు లేచి, చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

అప్పుడేమీ అనిపించలేదు. ఇప్పుడూ అంతే, పన్ను పీకించుకున్నాక దవడ మొద్దుబారినట్టుంది. పొద్దున స్టేషన్లో వాడితో ఏదో ఒకటి అనాలి. ఇంతసేపట్నుంచీ కూర్చున్నాను. ఒక్క జోకూ తట్టడం లేదు.