జగ్గయ్యపేట స్కూలు మార్కులు

పద్మా,

నువ్వు చనిపోయి ఇవాళ్టికి ఏడాది. నందిగామలో మన ఆఫీసులో ఇప్పుడు నలుగురు ప్రోగ్రామర్లు ఉన్నారు. పొద్దున కొత్తమ్మాయి సుజాత నా దగ్గరికొచ్చి, "మేడం, కాలేజీ డేటా నేనే చెరిపేశానండి" అంది. నేను తిట్టలేదు. అందరినీ కూర్చోబెట్టి, మనిద్దరమే ఉన్న రోజుల్లో మనం కలిసి రాసిన ప్రోగ్రాంలో జగ్గయ్యపేట స్కూలు మార్కులు తారుమారైన సంగతి చెప్పాను. హెడ్మాస్టరు నిన్ను నిలదీస్తుంటే, తప్పు నాదని తెలిసీ పక్కనే నోరు మెదపకుండా కూర్చున్నాను. పొరపాటు నీదేననుకుని నువ్వు ఈ పనే మానేశావు.

"ఆవిడకి తర్వాతైనా చెప్పారా అండి?" అని సుజాత అడిగింది.

"లేదమ్మా" అన్నాను.

వాళ్లు నలుగురూ కలిసి బ్యాకప్ వెతుకుతున్నారు. నేను నా గదిలో కూర్చుని ఇది రాస్తున్నాను. పద్మా, ఆ ప్రోగ్రాంలో నువ్వు రాసిందంతా సరిగ్గానే ఉంది.