నాన్న మోసిన కుట్టుమిషను

ట్రాఫిక్ కాలనీ, ఖరగ్‌పూర్

అమ్మకు నూకరాజు దండాలు. పిల్ల జ్వరం తగ్గింది, దిగులు పడకు.

బర్మాలో రంగం పట్నం నుంచి కుట్టుమిషను నెత్తిన పెట్టుకుని నడిచొచ్చానని నాన్న చెబితే ఇన్నేళ్ళూ మనం నమ్మామా? ఆదివారం రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో దొరల యుద్ధం సినిమా వేశారు. మధ్యలో యుద్ధంనాటి అసలు బొమ్మలు చూపించారు. బాంబులకు జడిసి మన కూలిజనం రంగం వదిలి అడవిదారిన నడిచొస్తున్నారు. ఒకడి నెత్తిన కుట్టుమిషను! నీ కోడలు పోలమ్మ లేచి నిలబడి, "ఓలమ్మా, మా మావే! మిసను కూడా ఉన్నాది!" అని అరిచింది. వెనక బెంగాలీ దాదా "బోషో దీదీ, బోషో" అని మొత్తుకున్నా కూర్చోలేదు. మిషను అడ్డమొచ్చి నాకు మొహం కనబడలేదు.

నాన్న కాళ్ళు నొక్కమన్నప్పుడల్లా "ఏటి, మల్లీ రంగం నుంచి నడిచొచ్చినావా?" అని నవ్వేదానివి. ఇక నవ్వకు, నొక్కు.

గేదె ఈనిందా? ఇటు ఎవరైనా వస్తుంటే తాటితాండ్ర పంపు.

ఈ కార్డు చెల్లి దాలమ్మ చేతే చదివించుకో. నాన్న చదివాడంటే కుట్టుమిషను కాస్తా రైలింజను అయిపోతుంది. ఆయన కాళ్ళకు మాత్రం మా ఇద్దరి దండాలు చెప్పు.

నూకరాజు