ఆరో పైపరు

క్రాస్‌బర్న్,
జులై ఆఖరి ఆదివారం

ఒరే వాటీ,

ఫోను చేస్తే నీకు వినపడదు, అరవడానికి నాకు ఓపిక లేదు. జన్మంతా డ్రమ్ము వాయించి నువ్వు చెవులు పోగొట్టుకున్నావు, దానికి శిక్షగా ఈ వయసులో నేను కలం పట్టాను. నా రాత కోడి గెలికినట్టుంటుంది. నవ్వుకుంటే నవ్వుకో గానీ ఆ వృద్ధాశ్రమం నర్సమ్మ చేత మాత్రం చదివించుకోకు. ఇది నీకూ నాకూ మధ్య మాట.

నీ కూతురు నన్ను చావుదెబ్బ కొట్టిందిరా.

మొన్న బ్యాగ్‌పైపుల అభ్యాసం అయ్యాక అందరినీ పంపేసి ఐల్సా నన్ను హాల్లో ఉండమంది. బ్యాండుని నడిపే పైప్ మేజర్ ఉండమంటే ఉండాలి కదా. తనే టీ పోసి ఇచ్చింది. అప్పుడే అనుమానమొచ్చింది. అది ఊరికే టీ పోసే రకం కాదు, వాళ్ళమ్మ పోలిక.

"బాబాయ్, వేళ్ళెలా ఉన్నాయి?" అంది.

"చేతికే ఉన్నాయి," అన్నాను.

"నవ్వులాట కాదు. పాట వేగమందుకుంటే నువ్వు వెనకబడుతున్నావు. నిన్ను చూసి పక్కవాళ్ళూ తడబడుతున్నారు."

నేను కప్పులోకి చూశాను. అబద్ధం అయితే అప్పుడే తిప్పికొట్టేవాణ్ణి. గనిలో ఏళ్ళ తరబడి డ్రిల్లు పట్టిన వేళ్ళు ఇవి. కాస్త గాలి చల్లబడితే చాలు, తెల్లగా పాలిపోయి కొయ్యముక్కల్లా అయిపోతాయి. నీకు తెలుసు. దానికి తెలీదనుకున్నాను.

తర్వాత అసలు సంగతి చెప్పింది. ఆరుగురు పైపర్లు లేనిదే పోటీలోకి రానివ్వరు. మనకున్నది నాతో కలిపి ఆరుగురే. ఈ ఏడు పోటీ తప్పితే కమిటీవాళ్ళు మన బ్యాండుని పట్నంవాళ్ళ బ్యాండులో కలిపేస్తారట. పేరు పోతుంది, రంగులు పోతాయి. అందుకని పోటీలో అందరూ గుండ్రంగా నిలబడే వలయంలో నేనూ నిలబడాలట. తిత్తి నిండా ఊదాలట, వేళ్ళు ఆడించాలట. గొట్టాలకు మాత్రం బిరడాలు కొట్టుకోవాలట, చప్పుడు రాకుండా.

"అంటే గుడ్డ చుట్టిన దిష్టిబొమ్మనా నేను?" అన్నాను.

"లేదంటే ఒక్కటే దారి. నోరీ అబర్డోర్‌ని పిలుస్తాను. ఆయన పేరు పోటీ సంఘంలో మన బ్యాండు కింద రాయించే ఉంచాను."

చూశావా? వసంతంలోనే రాయించిందట, నాకు తెలియకుండా. నీ కూతురే!

ఆ పేరు మన హాల్లో వినపడి ఎన్నాళ్ళయిందో నువ్వే చెప్పు. మన తాతలు గని దుమ్ము కడుక్కోకుండా వచ్చి నేర్చుకున్న బ్యాండు ఇది. గని సమ్మె ఏడాది తిండికి లేకపోయినా పైపులు అమ్ముకోలేదు. అందరం కడుపు మాడ్చుకుంటుంటే మన పైపరై ఉండి నోరీ సమ్మె విరిచి, పోలీసు బస్సెక్కి గనిలోకి దిగాడు. ఓడిపోయి మనం తిరిగి పనిలోకెళ్ళిన పొద్దున బ్యాండు ముందు నడిచింది. వరసలో వాడి చోటు ఖాళీగా వదిలేసి నడిచాం. అలా వదలమని చెప్పింది నువ్వే. అప్పట్నుంచీ ఊళ్ళో ఎదురుపడితే నేను గోడతో మాట్లాడతాను గానీ వాడితో మాట్లాడను.

అందుకని ఐల్సాతో చెప్పేశాను, బిరడాలు కొట్టు, నిలబడతాను అని. జడ్జిలు వెనకగా తిరుగుతూ ఒక్కొక్కరి దగ్గరా చెవి పెడతారు. పసిగడితే బ్యాండుని అక్కడే తోసేస్తారు. తోసేస్తే తోసేశారు. ఆ మనిషి నా చోట నిలబడేకంటే నేను మూగగా నిలబడటమే నయం. ఇదే నా నిర్ణయం. నువ్వు సరేనంటావని తెలుసు.

తల వంచని నీ పాత జతగాడు,
లాకీ గోర్లీ


క్రాస్‌బర్న్,
ఆగస్టు, పోటీ అయిన వారం

వాటీ, నా ప్రాణమా,

ఈ ఉత్తరం చదివాక నువ్వు నాతో మాట్లాడకపోవచ్చు. అందుకే ముందే ప్రేమగా పిలిచాను.

పోటీ రోజు వాన లేదు, గాలి మాత్రం కోసేస్తోంది. మైదానం పక్కన అందరం శ్రుతి చేసుకోవడానికి నిలబడ్డాం. చుట్టూ వేరే బ్యాండులు, మధ్యలో జాబితా పట్టుకుని తిరిగే నిర్వాహకుడు. వాడు మన దగ్గరికే వచ్చి ఆగాడు. నేను తిత్తి ఊదాను. బుగ్గలు ఉబ్బాయి, చంక కింద తిత్తి రాయిలా అయింది. లోపల గాలికి దారి లేదు. పదహారేళ్ళప్పటి నుంచీ భుజమ్మీద ఒణికిన గొట్టాలు ఆ రోజు చీపురు కర్రల్లా ఉన్నాయి.

ఐల్సా ఒక్కొక్కరి దగ్గరికీ వచ్చి గొట్టం పైకీ కిందకీ తిప్పి శ్రుతి సరిచేస్తోంది. నా దగ్గరికొచ్చింది. నిర్వాహకుడు చూస్తున్నాడు. దాంతో చెయ్యెత్తి నా మూగ గొట్టం పట్టుకుంది. కొద్దిగా పైకి లాగింది. తల పక్కకి వంచి విన్నట్టు చేసింది. మళ్ళీ కాస్త దించింది. బాగుందన్నట్టు తలూపింది.

వాటీ, ఆ పిల్లకి శ్రుతి చెయ్యడం నేర్పింది నేను. చెవికి వినపడింది తప్ప ఇంకేదీ నమ్మొద్దని దానికి చెప్పి చెప్పి ఏడిపించినవాణ్ణి. అది నా గొట్టం దగ్గర అబద్ధం వింటోంది. ముఖం ఎర్రబడిపోయింది. నా కళ్ళల్లోకి చూడలేదు. సమ్మెలో ఓడిపోయిన రోజున కూడా నాకంత సిగ్గు వెయ్యలేదు.

నిర్వాహకుడు అటు తిరగ్గానే తిత్తి వదిలేశాను.

"బాబాయ్, ఏం చేస్తున్నావ్? మన పిలుపు వచ్చేస్తోంది!"

"ఉచ్చకెళ్ళాలి. ముసలివాణ్ణి, ఆపుకోలేను," అన్నాను.

నోరీ మైదానం చుట్టూ కట్టిన తాడు అవతల నిలబడి ఉన్నాడు, పైపుల పెట్టె కాళ్ళ దగ్గర పెట్టుకుని. అవసరమొస్తుందేమోనని ఐల్సా రమ్మందట. వాడూ ముసలాడైపోయాడు. నేను నేరుగా వెళ్ళి నిలబడితే, కొడతాననుకున్నాడో ఏమో, ఒకడుగు వెనక్కి వేశాడు.

"ఆ పెట్టెలోవి పలుకుతాయా, మోసుకు తిరగడానికేనా?" అన్నాను.

"నువ్వు... నాతోనా మాట్లాడేది, లాకీ?"

"నీతో కాదు. పైపరుతో. నీ పైపులు సిద్ధమేనా?"

"పొద్దున్నే శ్రుతి చేసుకొచ్చాను."

"అయితే మా బస్సు వెనక్కి రా. నీకు బ్యాండు బట్టల్లేవు."

నడుముకి మన రంగు గళ్ళ కిల్ట్ చుట్టుకోకుండా వలయంలోకి రానివ్వరు కదా. బస్సు వెనక ఇద్దరు ముసలాళ్ళం గాలికి ఒణుకుతూ బట్టలు విప్పుకున్నాం. నా కిల్ట్ వాడికిచ్చాను, కోటిచ్చాను, టోపీ ఇచ్చాను. నా వేళ్ళు బకిల్ పెట్టలేకపోతే వాడే పెట్టుకున్నాడు. వాడి ప్యాంటు నేను తొడుక్కున్నాను. వెచ్చగా ఉంది, అసహ్యమేసింది.

"లాకీ," అన్నాడు వాడు కోటు గుండీలు పెట్టుకుంటూ. "ఆనాడు నేనెందుకు దిగానో..."

"చెప్పకు."

"ఒక్క మాట..."

"చెప్పకంటే చెప్పకు. చెబితే నమ్మాల్సొస్తుంది. పో, వాళ్ళు వరసకడుతున్నారు."

వాణ్ణి నా కిల్ట్‌లో చూసింది ఐల్సా. వెంటనే అందరినీ ఆపి, వాడి గొట్టాలు మిగతావాళ్ళతో కలిపింది. ఈసారి నిజంగా విన్నది. గొట్టం కొంచెం దించి, మళ్ళీ విని, వదిలేసింది. తర్వాత చుట్టూ వెతికి నన్ను చూసింది. నేను తల తిప్పుకున్నాను.

తాడు పట్టుకుని బయట నిలబడ్డాను. మన బ్యాండుని బయట నిలబడి వినడం అదే మొదలు. డ్రమ్ములు రెండుసార్లు దడదడలాడాయి. ముందూ వెనకా కాకుండా ఆరు పైపులూ ఒక్కసారే పాటందుకున్నాయి. ఒక్క గొంతు. ఒక జడ్జి నోరీ వెనక వచ్చి ఆగాడు, చెవి పెట్టాడు, తలూపి కదిలిపోయాడు. నేను తాడు విడిచి చేతులు చంకల్లో దాచుకున్నాను. గాలికే అనుకో.

బాగా వాయించాడురా. వాయించకుండా ఉంటే బాగుండు అనిపించేంత బాగా.

నాలుగో స్థానమొచ్చింది. పట్నంవాళ్ళ పెద్దమనిషి ముఖం మాడ్చుకుని వెళ్ళిపోయాడు. బ్యాండు ఉంది, పేరు ఉంది. బస్సులో ఐల్సా నా పక్కన కూర్చుంది. "నాన్నకి ఎవరు చెప్పాలి?" అని అడిగింది. నేనే రాస్తానన్నాను. తిట్టాలనుకుంటే నన్ను తిట్టు, దాని జోలికి వెళ్ళకు.

వాణ్ణి నేను క్షమించలేదు. ఎవరైనా అలా చెబితే నమ్మకు. ఖాళీ వదిలిన ఆ చోటు ఇంకా నా కళ్ళల్లో ఉంది.

నిన్న అభ్యాసానికి వచ్చాడు. గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు, టోపీ చేతిలో పట్టుకుని. అందరూ నా వంకే చూస్తున్నారు. నేను పొయ్యి పక్కనున్న కుర్చీని కాలితో వాడి వైపు తోశాను.

కూర్చున్నాడు.

తిట్లతోనైనా జవాబు రాయి.
లాకీ