క్యాలెండర్ వెనక కన్నం

తార్నాక,
జూన్ 7, ఆదివారం.

భాగ్య వదినకు,

నేను పద్మను. చేతిరాత చూసి చించెయ్యకు, చివరిదాకా చదివి అప్పుడు చించు. నా ఫోన్ నువ్వు ఎత్తడం లేదు కాబట్టి ఈ కవరు మీ హాస్టల్ మెస్ సూపర్‌వైజర్ రాజలింగు గారి చేతికిస్తున్నాను. నిన్న క్యాంపస్ లోపల మెస్ గేటు దాకా వచ్చాను. రొట్టెలు కాలుస్తున్న నీ వీపు మాత్రమే కనబడింది. ఎదురుగా నిలబడితే నేను మళ్ళీ అబద్ధమే చెబుతానని తెలిసి తిరిగి వచ్చేశాను.

నువ్వు ఇల్లు వదిలి ఇవాళ్టికి ఇరవై మూడు రోజులు. అప్పటి నుంచి మీ తమ్ముడు నాతో మాట్లాడటం లేదు. నేను వండింది ముట్టడం లేదు. క్యాంటీన్‌లో తిని వస్తాడు, రాగానే నీ గదిలోకి పోయి నీ మంచం మీద కూర్చుంటాడు. ఒక్కోసారి ఏడుస్తాడు కూడా. మొదటి రోజు మాత్రం నాతో అన్నాడు. “నువ్వే ఏదో అన్నవ్. ఆమె నన్ను తల్లి లెక్క సాదింది. అసొంటి మనిషిని ఇంట్లకెల్లి ఎల్లగొట్టినవ్.” అదే ఆఖరి మాట. మీ చిన్నాయన లక్ష్మీనర్సయ్యకు కూడా ఫోన్ చేసి చెప్పుకున్నట్టున్నాడు. ఆయన నాకు ఫోన్ చేసి, “మొగుడు సచ్చిన ఆడబిడ్డ, ఇంత జాగ ఇయ్యలేకపోయినవా బిడ్డా?” అని అడిగాడు. గోల్నాకలో మా అమ్మ కూడా నన్నే తిట్టింది.

ముందే చెబుతున్నాను వదినా, ఇది నీ మీద ప్రేమ పొంగి రాస్తున్న ఉత్తరం కాదు. నువ్వు తిరిగొస్తే నా మొగుడు నాతో మాట్లాడతాడు. నాకు కావలసింది అంతే. పైపైన క్షమించమంటే నువ్వు రావు, అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ఏప్రిల్‌లో ఏసీ కొన్నాం కదా. మా బెడ్‌రూమ్‌కి కొన్నాం. నీకూ ఒకటి కావాలేమో అన్న ఆలోచన ఇంట్లో ఉన్న ముగ్గురిలో ఎవరికీ రాలేదు, నీకు కూడా. బిగించడానికి బిక్షం అనే మెకానిక్ వచ్చాడు. డ్రిల్లు చేతిలో పట్టుకుని, “అమ్మా, బయటి గోడ ఏది?” అని అడిగాడు. పైపులు బయటికి పోవడానికి గోడకు కన్నం వెయ్యాలట. నేను టక్కున మంచం వెనక గోడ చూపించాను. నేను కాపురానికి వచ్చినప్పుడు దాని అవతల బాల్కనీ ఉండేది. పదకొండేళ్ళ కింద మీ ఆయన పోయి నువ్వు మా దగ్గరికి వచ్చాక ఆ బాల్కనీని మూసి నీకు గది కట్టారు. పదకొండేళ్ళు అందులోంచి నువ్వు వచ్చి పోతుంటే చూశాను. అయినా నా తలలో అది ఇంకా ఇంటి బయటే ఉందన్న సంగతి ఆ రోజు తెలిసింది. గోడ తొలుచుకుని డ్రిల్లు నీ గదిలో తేలింది. సున్నం, ఇటుక పొడి నీ పరుపు మీద పడ్డాయి. చూడటానికి నీ గదిలోకి పోయిన బిక్షం అక్కడి నుంచే అరిచాడు. “అయ్యో, ఇటు దిక్కు కూడా ఇల్లే ఉన్నదేందమ్మా!”

నేను నవ్వాను. బడిలో తోటి టీచర్లకు కూడా జోకులాగా చెప్పి నవ్వించాను.

తర్వాత పక్క గోడకు ఇంకో కన్నం వేశాడు. మొదటిది అట్లాగే ఉండిపోయింది. తెల్ల సిమెంటు తెచ్చి పూడుస్తానన్న బిక్షం మళ్ళీ రాలేదు. పైన సజ్జ ఉందని ఏసీని కాస్త కిందికి దించి బిగించాడు కాబట్టి మా వైపు ఆ కన్నం సగం దాని వెనక్కి పోయింది. నీ వైపు నువ్వే ఒక మేకు కొట్టుకుని, కిరాణా షాపు వాళ్ళిచ్చిన క్యాలెండర్ తగిలించుకున్నావు.

ఇక బయట పెట్టే అవుట్‌డోర్ సంగతి. “ముంగట బాల్కనీల పెడ్దామమ్మా. గీడ పెడితే వేడిగాలంత ఆ కిటికీలకే కొడ్తది” అని బిక్షం నీ కిటికీ చూపించి చెప్పాడు. ముందు బాల్కనీలో నా పూలకుండీలు ఉన్నాయి. పైగా రోడ్డు మీద పోయేవాళ్ళకు ఆ డబ్బా కనబడటం నాకు ఇష్టం లేదు. “ఇక్కడే పెట్టు. ఆమె రోజంతా పొయ్యి ముందర ఉండే మనిషి, ఆమెకు అలవాటే” అన్నాను. అప్పుడు నువ్వు నా వెనకాల చీపురుతో సున్నం ఊడుస్తున్నావు. విన్నావో లేదో నాకు తెలియదు. ఊడవడం అయ్యాక బిక్షానికి చాయ్ తెచ్చిచ్చావు.

మే నెల వచ్చింది. నాలుగు వందల మంది ఆడపిల్లలకు రొట్టెలు కాల్చి నువ్వు మూడింటికి ఇంటికొచ్చేసరికి మా ఏసీ నడుస్తూ ఉండేది. నీకు ఉన్నది ఒకే కిటికీ. తెరిస్తే వేడిగాలి, మూస్తే ఉక్క. నువ్వు ఒక్క మాట అనలేదు. మీ తమ్ముడూ అనలేదు. యూనివర్సిటీలో శ్రామిక స్త్రీల బతుకుల మీద పాఠాలు చెప్పే మనిషి, అదే క్యాంపస్‌లో రొట్టెలు చేసే ఆవిడ తన అక్క అని డిపార్ట్‌మెంట్‌లో ఎవరికీ చెప్పుకోలేదు. ఆ సంగతి నీకూ తెలుసు, నాకూ తెలుసు.

ఒక మంగళవారం గది సరిగ్గా చల్లబడటం లేదని ఆయన విసుక్కుని బిక్షానికి ఫోన్ చేశాడు. “రూంల ఎక్కడన్న సందు గిట్ల ఉన్నదేమో సూడుండ్రి సార్” అని బిక్షం అంటుంటే ఇద్దరం విన్నాం. ఆ మధ్యాహ్నమే బట్టల క్లిప్పుల కోసం నీ గదిలోకి వచ్చాను. నువ్వు ప్లాస్టిక్ స్టూలు ఎక్కి నిలబడి ఉన్నావు. ఒక చేత్తో క్యాలెండర్ పైకెత్తి, ముఖం ఆ కన్నానికి ఆనించి, కళ్ళు మూసుకుని ఉన్నావు. నీ నుదుటి మీద నెరిసిన వెంట్రుకలు చల్లగాలికి కదులుతున్నాయి. నేను వచ్చింది నీకు తెలియలేదు. చూసిన ఎవరికైనా జాలి కలగాలి. నాకు కలగలేదు వదినా. దొంగ దొరికింది అనిపించింది. సాయంత్రం ఆయనకు నవ్వుతూ చెబితే, ఊఁ అని ఫోన్ చూసుకుంటూ ఉండిపోయాడు.

మర్నాడు నువ్వు పనికి పోయాక, ఏసీ పెట్టెలో వచ్చిన థర్మోకోల్ ముక్కను గుండ్రంగా కోసి, అదే స్టూలు ఎక్కి ఆ కన్నంలో కుక్కాను. పైన నీ క్యాలెండర్ సర్దాను. శుక్రవారం పొద్దున నువ్వు ఒక సంచీ పట్టుకుని, తాళంచెవి ఫ్రిజ్ మీద పెట్టి వెళ్ళిపోయావు.

ఇదే నేను చేసింది. థర్మోకోల్ సంగతి మీ తమ్ముడికి తెలియదు. నీ గదిలో ఆ గోడ వైపు చూడాలంటేనే నాకు సిగ్గుగా ఉంది, ఇప్పటిదాకా క్యాలెండర్ ఎత్తి చూడలేదు. వచ్చే ఆదివారం బిక్షాన్ని రమ్మన్నాను, అవుట్‌డోర్‌ను ముందు బాల్కనీకి మార్పిస్తాను. పూలకుండీలు ఎవరికైనా ఇచ్చేస్తాను. నువ్వు వచ్చి, పద్మ తప్పేం లేదురా అని ఒక్క మాట అంటే చాలు. రా వదినా.

నీ మరదలు,
పద్మశ్రీ


వారాసిగూడ,
జూన్ 10.

పద్మకు,

నీ ఉత్తరం అందింది. రెండుసార్లు చదివాను. పదో తరగతి తర్వాత నేను ఇంత పొడుగు రాసింది లేదు. తప్పులుంటే నువ్వు టీచరువు, దిద్దుకో.

ఆమెకు అలవాటే అని నువ్వన్న మాట విన్నాను. నా చేతిలో చీపురు ఉంది గాని చెవులు ఎక్కడికి పోతాయి?

థర్మోకోల్ పెట్టింది నువ్వేనని ఆ సాయంత్రమే తెలిసింది. అంత గుండ్రంగా కోసే ఓపిక ఇంట్లో నీకే ఉంది. పిన్నీసుతో గుచ్చి లాగితే వచ్చేసింది. గాలి తగిలినంతసేపు తగిలించుకుని, పొద్దున పనికి పోయేముందు మళ్ళీ పెట్టేశాను. నువ్వు వచ్చి చూసుకుంటే నిమ్మళంగా ఉంటావని. అట్లాగే తీస్తూ పెడుతూ ఎండాకాలం గడిపెయ్యొచ్చు అనుకున్నాను. నీ వల్ల నేను ఇల్లు వదల్లేదు పద్మా. నన్ను ఇల్లు వదిలించేంత చుట్టరికం నీకూ నాకూ ఎప్పుడూ లేదు.

గురువారం మెస్‌లో నీళ్ళు రాక వంట తొందరగా ముగించారు. పన్నెండున్నరకు ఇంటికొచ్చాను. నువ్వు గోల్నాకలో మీ అమ్మ దగ్గర ఉన్నావు. నా గది తలుపు తీసి ఉంది. తమ్ముడు నా స్టూలు ఎక్కి నిలబడి ఉన్నాడు. నేను చాయ్ తాగే స్టీలు గ్లాసులో తెల్ల సిమెంటు కలుపుకున్నాడు. నీ థర్మోకోల్ ముక్క తీసి కింద పడేసి, కాగితాలు కుక్కి, పైన సిమెంటు పూస్తున్నాడు. నన్ను చూశాడు. దిగుతాడేమో అనుకున్నాను. దిగలేదు. మిగిలినదంతా పూసి, బొటనవేలితో గట్టిగా నొక్కి, క్యాలెండర్ మేకుకు తగిలించి అప్పుడు దిగాడు.

“బల్లులొస్తున్నయక్కా ఇందులకెల్లి. అందుకని” అన్నాడు.

చేతులు కడుక్కుని వచ్చి, “జర చాయ్ పెట్టవా అక్కా” అన్నాడు. పెట్టిచ్చాను. తాగి, మీ గదిలోకి పోయి తలుపేసుకున్నాడు. కాసేపటికి బయట నా కిటికీ పక్కన అవుట్‌డోర్ మోత మొదలైంది. నేను కూర్చుని ఆ గ్లాసు తోముకున్నాను. అడుగున సిమెంటు గట్టిపడి, ఎంత గీకినా పోలేదు.

మా అమ్మ పోయినప్పుడు వాడికి నాలుగేళ్ళు. ఎండాకాలం కరెంటు పోతే వాడు నిద్రపోయేదాకా చాటతో విసిరేదాన్ని. ఆపితే లేచి ఏడ్చేవాడు. ఇది వాడికి గుర్తులేదని అనుకుందామంటే లేదు, క్లాసులో పిల్లలకు చెబుతుంటాడని ఒక హాస్టల్ పిల్ల నాకే వచ్చి చెప్పింది. ఎవరి అక్కో అనుకుంది ఆ పిల్ల.

నేను రాను. మెస్‌లో నాతో పనిచేసే రాజవ్వ గదిలో ఉన్నాను. ఒకటే ఫ్యాను, ఇద్దరి మీదికీ తిరుగుతుంది. అవుట్‌డోర్ మార్పించేది ఉంటే నీ కోసం మార్పించుకో, నా కోసం వద్దు.

ఇంకొక మాట. ఈ ఉత్తరం వాడికి చూపించకు. నేను ఎందుకు పోయానో వాడికి తెలుసు. నీకు తెలుసని మాత్రం తెలియనియ్యకు. మా చిన్నాయన ముందర, యూనివర్సిటీలో వాడు మంచివాడిగానే ఉండాలి. వాడిని పెంచింది నేను, వాడికి పేరు చెడితే నాకూ చెడినట్టే. తప్పు నీ మీదనే ఉండనియ్యి. ఇట్లా అడగడం అన్యాయమని తెలిసే అడుగుతున్నాను. మాటలు పడటం నీకు కొత్త. పొయ్యి వేడి నాకూ మొదట్లో కొత్తగానే ఉండేది. అలవాటవుతుంది.

భాగ్య


తార్నాక,
జూన్ 13, శనివారం.

వదినా,

నువ్వు చెప్పినట్టే చేశాను. ఆయనకు ఏమీ చెప్పలేదు, చెప్పను కూడా.

నీ ఉత్తరం నిన్న మధ్యాహ్నం అందింది. చదివి నీ గదిలోకి పోయి, స్టూలు ఎక్కి క్యాలెండర్ తీశాను. గోడ మీద తెల్లగా, గుండ్రంగా ఉంది. మధ్యలో బొటనవేలి అచ్చు ఉంది, గీతలతో సహా. నా వేలు పెట్టి చూశాను. నా వేలికి అది పెద్దది. ఇరవై ఎనిమిది రోజులుగా తప్పంతా నా మీద వేసిన మనిషి రోజూ సాయంత్రం దాని కిందనే కూర్చుని ఏడ్చాడు. నాకు గట్టిగా అరవాలనిపించింది. నువ్వు వద్దన్నావు కాబట్టి అరవలేదు. క్యాలెండర్‌ను మాత్రం మళ్ళీ తగిలించకుండా నీ మంచం మీద పెట్టి వచ్చేశాను.

సాయంత్రం ఆయన వచ్చి, ఎప్పటిలాగే చెప్పులు విడిచి నీ గదిలోకి పోయాడు. నేను వంటింట్లో కూర తరుగుతున్నాను. ఇప్పుడు వచ్చి నా ముందు నిలబడతాడు, తప్పయిందంటాడు, లేకపోతే కొడతాడు, రెండింటిలో ఏదో ఒకటి అనుకున్నాను. కూర తరగడం అయి, ఉడికి, దించేదాకా ఆయన రాలేదు. తర్వాత బయటికి వచ్చి బల్ల దగ్గర కూర్చుని, “అన్నం పెట్టు” అన్నాడు.

ఇరవై ఎనిమిది రోజుల తర్వాత మొదటి మాట. పెట్టాను. రెండోసారి పప్పు అడిగి వేయించుకున్నాడు. తింటూ తింటూ, “బిక్షం ఎప్పుడొస్తనన్నడు?” అని అడిగాడు. నేను ఫోన్‌లో రమ్మనడం విన్నట్టున్నాడు. ఆదివారం అన్నాను. “వద్దని చెప్పు. అక్క ఎట్లాగూ రాదు కదా. ఉన్న కాడ ఉండనీ” అన్నాడు. సరే అన్నాను. చూడు వదినా, నేను కోరుకున్నది నాకు దొరికింది. నా మొగుడు నాతో మాట్లాడుతున్నాడు.

ఆయన లేచాక నీ గదిలోకి పోయి చూశాను. క్యాలెండర్ మళ్ళీ మేకుకు వేలాడుతోంది. నువ్వు వెళ్ళినప్పటి నుంచి మే నెల మీదే ఆగిపోయిన కాగితాన్ని తిప్పి, జూన్ పెట్టాడు.

పద్మశ్రీ