కొండ కింద గుడిసెలు

శుక్రవారం రాత్రి, సాల్మియా

పాప స్కూల్ ప్రాజెక్టు ఈసారీ నేనే చేసేశాను. వియత్నాం యుద్ధం. అట్ట మీద థర్మకోల్ కొండ, దాని నెత్తిన ఫిరంగులు, చుట్టూ ఇక్కడి జమియా స్టోర్లో కొన్న ఆకుపచ్చ స్పాంజితో అడవి. కింద సైనికులు రేడియోలో సాయం అడిగితే గుండ్లు ఎంత దూరం దాకా పడతాయో చూపడానికి ఎర్ర గీతతో సున్నా చుట్టాను. బొమ్మల కొలువు డబ్బాలోంచి గుడిసెలు తెచ్చి అడవిలో పెట్టాను.

"నాన్నా, గీత లోపల ఎక్కడైనా గుండు పడొచ్చన్నావుగా. మరి ఈ ఇళ్ళు?"

"అందానికమ్మా," అన్నాను.

అన్నాక సిగ్గేసింది. పాప గుడిసెలు తీసి గీత బయట పెట్టబోయింది. అట్టంతా నా సున్నాయే, బయట చోటు లేదు. వాటిని తన పెన్సిల్ బాక్సులో దాచుకుని పడుకుంది.

అవి లేక మోడల్ బోసిగా ఉందని నాకింకా అనిపిస్తోంది. ఛీ.